ఆలు లేదు, చూలు లేదు, ఇంజిన్ పేరు 222

విశాఖ బీచ్ రోడ్డు మీద నాకు ఎవరితోనూ పేచీ లేదు. ముంత మసాలా బండివాడితో లేదు. గుర్రం ఎక్కమని వెంటపడే కుర్రాడితో లేదు. కురుసుర జలాంతర్గామి ముందు సెల్ఫీ దిగుతూ నా కాలు తొక్కేసిన కుటుంబంతో కూడా లేదు. నా పేచీ అంతా ఒకే ఒక్క మాటతో. ఆ మాట "వచ్చుంటే".

పోయిన ఆదివారం సాయంత్రం టీయూ-142 విమాన మ్యూజియం ఆవరణలో, ఆ ఎనిమిది ప్రొపెల్లర్ల నీడన నిలబడి, మా బావమరిది తన ఫోను నా ముక్కుకి రెండంగుళాల దూరంలో పెట్టాడు. "బావా, జర్మనీ వాడి ఇంజిన్ చూశావా? ఇరవై నాలుగు సిలిండర్లు! రెండున్నర వేల హార్స్ పవర్! ప్రపంచానికి తెలీకుండా దాచేశారు. ఇది గనక టైముకి వచ్చుంటే రెండో ప్రపంచ యుద్ధం కథే వేరు."

వీడియోలో వెనకాల డప్పులు మోగుతున్నాయి. ఒక గంభీరమైన గొంతు "యూమో 222" అని మంత్రంలా పలుకుతోంది. దాన్ని నేను జూమో అని చదివినందుకు బావమరిది నొచ్చుకున్నాడు. యూమో అనాలట. సొంత పెదనాన్న పేరు తప్పు పలికినా అంత నొచ్చుకోడు.

మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. వీళ్ళకి పనిచేసిన యంత్రాల మీద గౌరవం ఉండదు. రోజూ తిరిగే ఆర్టీసీ బస్సు ఇంజిన్ ఎన్ని లక్షల కిలోమీటర్లు లాగిందో చెప్పినా ఆవలిస్తారు. పనిచెయ్యనిది, అసలు బయటికే రానిది, కాగితం మీదా టెస్టు బెంచి మీదా చచ్చిపోయినది కనిపిస్తే మాత్రం చేతులు జోడిస్తారు. వచ్చిన దేవుడికి తల నొప్పులు ఉంటాయి, రాని దేవుడికి ఏ లోపమూ ఉండదు కదా.

సరే, ఇంతకీ ఈ రాని దేవుడి రూపురేఖలు చెప్పాలి. యూమో 222 యుంకర్స్ కంపెనీ మొదలుపెట్టిన పిస్టన్ ఇంజిన్. మధ్యలో ఒకే క్రాంక్ షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు. దాని చుట్టూ గుండ్రంగా ఆరు బంతులు, బంతికి నాలుగేసి సిలిండర్లు. పెళ్ళి భోజనాల్లో బంతులు వేసినట్టే, కాకపోతే ఇక్కడ ఆరు బంతులకీ వడ్డించేవాడు ఒక్కడే. ఆ ఇరుసు ఒక్కో వంపు మీద, పిస్టన్లని దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లు ఆరేసి వేలాడుతుంటాయి. చూడడానికి గాలితో చల్లబడే నక్షత్రం ఆకారపు ఇంజిన్‌లా ఉంటుంది గానీ లోపల తిరిగేది నీళ్ళు. సిలిండర్లన్నీ కలిపి సామర్థ్యం 46.4 లీటర్లు. మన పల్సర్ ఇంజిన్లు మూడొందలు కలిపి కట్టినట్టు. రూపకర్త ఫెర్డినాండ్ బ్రాండ్నర్ అనే ఆస్ట్రియా వాడు. 1939 ఏప్రిల్‌లో టెస్టు బెంచి మీద మొదటిసారి తిరిగింది. తిరిగిందంటే తిరిగింది, అంతే. నమ్మకంగా తిరగడం అనేది వేరే విద్య.

కంపెనీ పేరు గురించి ఒక మాట చెప్పి ముందుకి వెళ్తాను. హ్యూగో యుంకర్స్ అనే పెద్దమనిషి కట్టుకున్న కంపెనీ అది. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే ఆయన్ని బెదిరించి, కంపెనీ లాక్కుని, ఇంట్లోనే నిర్బంధించారు. 1935లో సరిగ్గా తన 76వ పుట్టినరోజు నాడు ఆయన కన్నుమూశాడు. అంటే మా బావమరిది భక్తిగా పలికే ఆ పేరు కూడా దొంగసొత్తే. మనిషిని గెంటేసి బోర్డు మాత్రం ఉంచుకున్నారు.

ఇప్పుడు అసలు కథ. 1939 జులైలో బెర్లిన్‌లోని విమాన మంత్రిత్వ శాఖ "బాంబర్ బి" అనే పథకం ప్రకటించింది. గంటకి 600 కిలోమీటర్ల వేగం, 4,000 కిలోల బాంబులు, బ్రిటన్‌లో ఏ మూలకైనా వెళ్ళి రాగలగాలి, లోపల గాలి ఒత్తిడి సరిచేసిన గది, దూరం నుంచి తిప్పే తుపాకులు. ఇవన్నీ కావాలంటే 2,000 హార్స్ పవర్ దాటిన ఇంజిన్లు రెండు ఉండాలి. ఉన్నాయా? లేవు. అప్పటికి బెంచి మీద మూడు నెలల వయసున్న 222 ఉంది. "వస్తుంది కదా" అన్నారు.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఏరోనాటికల్ ఇంజినీరింగ్ అక్కర్లేదు. మనకి తెలిసిన పెళ్ళి పందిరి చాలు.

పెళ్ళికొడుకు వయసు మూడు నెలలు. పెళ్ళిపెద్ద మంత్రిత్వ శాఖ. పెళ్ళికూతుళ్ళు, అంటే ఆ ఇంజిన్ కోసం కంపెనీలు గీసిన విమానాలు, నలుగురు: అరాడో వారి అమ్మాయి, డార్నియర్ వారి అమ్మాయి, ఫోకె-వుల్ఫ్ వారి అమ్మాయి, వరుడి సొంత యుంకర్స్ ఇంటి అమ్మాయి యూ-288. మేనరికం ఉన్నచోట మిగతావాళ్ళ గతి ఏమిటో మీకు తెలుసు. అరాడో పిల్లని మొదట్లోనే వద్దన్నారు. డార్నియర్ పిల్లని పక్కన కూర్చోమన్నారు. శుభలేఖలు అచ్చయ్యాయి. పందిరి రాట పాతారు. ఈ వరుడు రాకపోతే ఎలా అని అడిగిన చాదస్తులకి ఇంకో వరుడు కూడా ఉన్నాడని చెప్పారు. ఆయన డైమ్లర్-బెంజ్ వారి డీబీ 604. ఆయనకీ సిలిండర్లు ఇరవై నాలుగే, ఆయనా ఇంకా ఉయ్యాల్లోనే ఉన్నాడు. 1942లో ఆయన్ని ఉయ్యాల్లోనే రద్దు చేశారు.

1940 ఆఖరుకి యుంకర్స్ పిల్ల ముస్తాబై పందిట్లోకి వచ్చింది. పీటల మీద వరుడు లేడు. "దారిలో ఉన్నాడు" అన్నారు. మన పెళ్ళిళ్ళలో దారిలో ఉన్నాం అంటే ఇంకా స్నానం కాలేదని అర్థం. బెర్లిన్‌లోనూ అంతే. అందాకా పీట ఖాళీగా ఉంటే అశుభమని బి.ఎం.డబ్ల్యూ. వారి అబ్బాయి 801ని కూర్చోబెట్టారు. మంచి కుర్రాడే, పద్నాలుగు సిలిండర్లు, 1,600 హార్స్ పవర్. కానీ బట్టలు వేరే వరుడి కొలతలకి కుట్టించారాయె. పాపం చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతూ అలాగే కూర్చున్నాడు.

అవతల ఫోకె-వుల్ఫ్ వారి అమ్మాయి ఎఫ్‌డబ్ల్యూ-191 ముచ్చట ఇంకా వేరు. పెద్దలు ఒక షరతు పెట్టారు. ఈ పెళ్ళిలో చేత్తోగానీ నూనె ఒత్తిడితోగానీ ఏ పనీ జరగకూడదు, అన్నీ కరెంటుతోనే జరగాలి. చక్రాలు లోపలికి మడవాలంటే మోటారు. రెక్కల వెనక ఫ్లాపులు దించాలంటే మోటారు. మామూలుగా హైడ్రాలిక్స్ చేసే పనులన్నిటికీ మోటార్లు. మేళం వాయించేందుకు, కొబ్బరికాయ కొట్టేందుకు, వధువు తల వంచేందుకు కూడా తలా ఒక మోటారు పెట్టి ఉంటారని నా అనుమానం. జనం దానికి "ఎగిరే పవర్ హౌస్" అని పేరు పెట్టారు. 1942 మొదట్లో ఆ పవర్ హౌస్ ఎగిరింది. అసలు వరుడు మాత్రం అప్పటికీ దారిలోనే ఉన్నాడు. కాబట్టి అక్కడ కూడా బి.ఎం.డబ్ల్యూ. కుర్రాడే. మోటార్ల బరువేమో పెరిగింది, ఇంజిన్ బలమేమో అనుకున్నదానికి మూడో వంతు తగ్గింది. మోటార్లు ఎన్ని పెట్టినా, రెండు రెక్కలకీ ఉండాల్సిన అసలు మోటార్లు మాత్రం లేవు.

ఈ మధ్యలో పెళ్ళిపెద్దలు వధువు కొలతలు కూడా మార్చారు. ముగ్గురు కూర్చునే విమానం కాస్తా నలుగురిదైంది. రెక్కలు పొడుగయ్యాయి. బరువు పెరిగింది. పిల్ల పెరిగింది కాబట్టి పిల్లాడూ పెరగాలన్నారు. బెంచి మీద ఉన్నదాన్నే ఇంకా కుదురుగా తిప్పలేక చస్తుంటే, సిలిండర్లు వెడల్పు చేసి దాదాపు 50 లీటర్లకి తీసుకెళ్ళారు. చాలదన్నారు. ఇంకో రకంలో 55 లీటర్లు దాటించి, 3,000 హార్స్ పవర్ మాట ఎత్తారు. పదో తరగతి తప్పినవాడిని సప్లిమెంటరీ రాయించకుండా నేరుగా ఐ.ఏ.ఎస్. కోచింగులో చేర్పించడం అంటే ఇదే.

ఆఖరికి ఓపిక నశించిన పెద్దలకి బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. కావాల్సింది ఇరవై నాలుగు సిలిండర్లే కదా? పన్నెండు సిలిండర్ల అన్నదమ్ములిద్దరిని పక్కపక్కన నిలబెట్టి నడుముకి తాడు కడితే సరి! డీబీ 606, డీబీ 610 అంటే అవే. రెండు వి-12 ఇంజిన్లు జత కట్టి ఒకే ప్రొపెల్లర్ తిప్పిస్తారు. ఈ జంట వరుల్ని అప్పటికే హైంకెల్ 177 అనే ఇంకో అమ్మాయికి కట్టబెట్టి చూశారు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనక్కర్లేకుండానే మంటలు వచ్చేవి. జర్మనీ వాయుసేన అధిపతి గోరింగ్ అంతటివాడు 1942లో ఈ అతుకుల ఇంజిన్లని పట్టుకుని మరీ తిట్టాడు. తిట్టిన తర్వాత? యూ-288 పిల్లకి కూడా అదే జంటని ఖాయం చేశారు.

అసలు వరుడు రానే లేదా అంటే, వచ్చాడు. చుట్టపుచూపుగా వచ్చాడు. 1941లో యూ-288 నమూనా ఒకటి 222లతో ఎగిరింది. 1942 డిసెంబరులో ఎఫ్‌డబ్ల్యూ-191 నమూనా ఒకటి కూడా 222లతో ఎగిరింది. ఫొటోలు తీసుకున్నారు. 1943 జూన్‌లో బాంబర్ బి పథకం మొత్తాన్నీ రద్దు చేసి పందిరి విప్పేశారు. యుద్ధం ముగిసేనాటికి 289 ఇంజిన్లు తయారైనట్టు లెక్క. యుద్ధానికి వెళ్ళినది ఒక్కటీ లేదు. ఈ నాలుగేళ్ళూ వంటింట్లో నడుం విరిగేలా పనిచేసింది ఎవరయ్యా అంటే, 1935లో మొదటిసారి ఎగిరిన పాత పెద్దమ్మ హైంకెల్ 111. కొత్త కోడలు ఇవాళ వస్తుంది రేపు వస్తుంది అంటూ ఆవిణ్ణి 1944 దాకా పొయ్యి ముందు నుంచి లేవనివ్వలేదు.

కొడుకు పేరు సోమలింగం అన్నవాడు కనీసం పేరు పెట్టి ఊరుకున్నాడు. వీళ్ళు సోమలింగానికి ఉద్యోగం, క్వార్టర్సు, పెన్షను కూడా మంజూరు చేశారు.

ఇదంతా నేను బీచ్ రోడ్డు మీదే, ముంత మసాలా నములుతూ, చాలా ప్రశాంతంగా బావమరిదికి చెప్పాను. అతను శ్రద్ధగా విని, "అదే బావా నేనూ అంటున్నది. ఆ అడ్డంకులు లేకుండా వచ్చుంటే..." అన్నాడు.

అత్తకి మీసాలుంటే మామ అయ్యుండేది. ఒప్పుకుంటాను. కానీ మామ ఆల్రెడీ పక్కింట్లో ఉన్నాడన్న సంగతి వీళ్ళకి ఎవరూ చెప్పరేం? అమెరికాలో ప్రాట్ అండ్ విట్నీ వాళ్ళ ఆర్-2800 ఇంజిన్ ఉంది. దాని సామర్థ్యం 45.9 లీటర్లు. మళ్ళీ చదవండి. మన దేవుడిది 46.4, దీనిది 45.9. మధ్యలో తేడా ఒక సోడా సీసా. పద్దెనిమిది సిలిండర్లు, తొమ్మిదేసి చొప్పున రెండే రెండు వరుసలు, చల్లబరచడానికి గాలి. రేడియేటరు లేదు, ఆరు బంతులు లేవు, మిస్టరీ లేదు. 1937లో మొదట తిరిగింది, 1941 నాటికి 2,000 హార్స్ పవర్‌తో లైనులో పెట్టి తయారుచేస్తున్నారు. మొత్తం 1,25,000కి పైగా చేశారు. కార్లు చేసే ఫోర్డు వాళ్ళు కూడా లైసెన్సు తీసుకుని చేసేశారు. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకి సరుకులు మోసిన సి-46 విమానాలకి ఉన్నవి ఇవే. దీని మీద మా బావమరిది ఫోనులో ఒక్క వీడియో లేదు. ఉండదు. లక్షా పాతిక వేలసార్లు వచ్చినదాని గురించి "వచ్చుంటే" అని నిట్టూర్చడం కుదరదు.

అయినా అతని అజ్ఞానం కన్నా అతని మెడ నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ మెడ ఒక్కసారి పైకెత్తితే చాలు. తల మీదున్న టీయూ-142కి నాలుగు ఎన్‌కే-12 టర్బోప్రాప్ ఇంజిన్లు (పిస్టన్లకి బదులు టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పేవి), ఒక్కో ఇంజిన్ ముందు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. ఒక్కోటి దాదాపు 15,000 హార్స్ పవర్. యుద్ధం అయిపోగానే సోవియట్లు 222 రూపకర్త బ్రాండ్నర్‌ని పట్టుకుపోయి, కుయిబిషెవ్ అనే ఊళ్ళో కుజ్నెత్సోవ్ ఇంజిన్ల సంస్థలో కూర్చోబెట్టారు. జర్మనీ, ఆస్ట్రియా నుంచి తెచ్చిన నిపుణుల బృందానికి అతనే పెద్ద. అక్కడ పుట్టిన ఇంజిన్ ఈ ఎన్‌కే-12. పిస్టన్లు లేవు, ఆరు బంతులు లేవు. ఈ విమానం మన నౌకాదళంలో 1988 నుంచి 2017 దాకా హిందూ మహాసముద్రం మీద గస్తీ తిరిగి, రిటైరై, ఈ బీచ్‌లో కూర్చుంది. అంటే బ్రాండ్నర్ బృందం చేసిన, నిజంగా పనిచేసిన ఇంజిన్ మా బావమరిది నడినెత్తిన ఉంది. అతను దాని నీడలో నిలబడి, ఫోను స్క్రీనుకి ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, రాని ఇంజిన్ కోసం కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు.

పైగా ఈ పెళ్ళివారితో మనకీ చుట్టరికం ఉంది. ఫోకె-వుల్ఫ్ సాంకేతిక పెద్ద కుర్ట్ టాంక్ 1956లో బెంగళూరు వచ్చి, హెచ్.ఏ.ఎల్.లో మారుత్ యుద్ధవిమానం గీశాడు. దేని కోసం గీశాడు? బ్రిటిష్ వాళ్ళు చేయబోయే ఆర్ఫియస్ 12 అనే ఇంజిన్ కోసం. ఆ ఇంజిన్ వచ్చిందా? మీకీపాటికి అలవాటై ఉంటుంది. డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గర ఆగిపోయి, అది రాలేదు. 1961లో ఎగిరిన మారుత్ పాత చిన్న ఇంజిన్లతోనే సర్దుకుంది. అప్పుడు ఇంజిన్ కోసం ఎక్కడికి వెళ్ళాం? ఈజిప్టుకి. అక్కడ ఇంజిన్ చేస్తున్నది ఎవరు? బ్రాండ్నర్! సోవియట్లు వదిలాక ఆయన తిరిగి తిరిగి అక్కడ తేలాడు. ఆయన ఇంజిన్ కోసం ఈజిప్టు కట్టిన విమానాన్ని 1964లో మొదటిసారి ఎగరేసింది మన వాయుసేన పైలట్ కపిల్ భార్గవ. మన మారుత్ ఒకటి అక్కడికి పంపి, ఆ ఇంజిన్ బిగించి 1967లో ఎగరేసి చూశారు కూడా. 1969లో ఈజిప్టు దుకాణం కట్టేసింది. ఒకడి దగ్గర ఇంజిన్ లేని విమానం, ఇంకొకడి దగ్గర విమానం లేని ఇంజిన్, ఇద్దరూ పాతికేళ్ళ తర్వాత ఎడారిలో కలుసుకుని కూడా పెళ్ళి చేయలేకపోయారు. ఇక తేజస్ కోసం 1989లో మంజూరై, 2008లో తేజస్ నుంచి విడదీసిన కావేరీ ఇంజిన్ సంగతి ఎత్తను. సొంత ఇంటి విషయం.

ఇక్కడిదాకా నేను బాగానే ఉన్నాను. సరదాగానే ఉన్నాను. బావమరిది కొడుకు, ఆరో తరగతి, అప్పటిదాకా ఐస్‌క్రీమ్ పుల్ల చీకుతున్నవాడు, "మావయ్యా, మరి అవి ఏ ఫ్యాక్టరీలో చేసేవాళ్ళు? ఎవరు చేసేవాళ్ళు?" అని అడిగాడు.

వీడియోలో ఆ ముక్క లేదు. ఉండదు కూడా.

వియన్నాకి దక్షిణంగా వీనర్ నాయ్‌డార్ఫ్ అనే ఊరుంది. 1941లో అక్కడ ఒక మహా కర్మాగారం మొదలుపెట్టారు. దేనికనుకున్నారు? ఈ 222ని గుట్టలుగుట్టలుగా చేయడానికి. లేని ఇంజిన్‌కి ఉన్న ఫ్యాక్టరీ. ఇంజిన్ రాలేదు కాబట్టి, అదే షెడ్లలో డీబీ 603 అనే వేరే ఇంజిన్ చేయాలన్నారు. పనివాళ్ళు చాలలేదు. 1943 ఆగస్టులో ఆ ఫ్యాక్టరీ కోసమే మౌట్‌హౌజెన్ కాన్సంట్రేషన్ క్యాంపుకి అక్కడ ఒక ఉపశిబిరం తెరిచారు. రెండు వేలకు పైగా ఖైదీలు. తిండి లేదు, కొరడా ఉంది. 1945 ఏప్రిల్ మొదట్లో ఎర్రసైన్యం దగ్గరికొస్తోందని, వాళ్ళందరినీ కాలినడకన మౌట్‌హౌజెన్‌కి తోలుకెళ్ళారు. కదల్లేని రోగుల్ని బయలుదేరే ముందే చంపేశారు. దారిలో వెనకబడినవాళ్ళని దారిలోనే కాల్చేశారు.

ఇంజిన్ రాలేదు. ఫ్యాక్టరీ వచ్చింది. క్యాంపు వచ్చింది. తుపాకీ టైముకి వచ్చింది.

ఏం, ఇది కనిపించదా ఈ వీడియోలు చేసేవాళ్ళకి? హార్స్ పవర్ లెక్క దశాంశాలతో సహా తెలుసు, ఆ రోడ్డు పక్కన పడిపోయినవాళ్ళ లెక్క మాత్రం తెలియదు. "అద్భుత ఇంజినీరింగ్" అంట! అడుగు ముందుకు వెయ్యలేకపోతున్న మనిషిని వెనక నుంచి కాల్చడానికి ఏం ఇంజినీరింగ్ కావాలి? "వచ్చుంటే, వచ్చుంటే" అని చొంగ కారుస్తున్నారే, వచ్చుంటే ఏం జరిగేది? నాలుగు వేల కిలోల బాంబులు మోసుకుని ఎవరి ఇంటి మీదికి వెళ్ళేది? నిద్రపోతున్న పిల్లల మీదికి కాదూ?

నేను నిలబడి ఉన్న ఈ ఊరికి ఆ సంగతి తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని, పిల్లల్ని చంకనేసుకుని, పల్లెలకి పారిపోయింది. ఎందుకంటే జపాన్ వాడి ఇంజిన్లు టైముకి వచ్చాయి. బాగా పనిచేశాయి. చాలా నమ్మకంగా, ఏ రిపేరూ లేకుండా, సముద్రం మీద నుంచి ఇక్కడిదాకా వచ్చాయి. వెళ్ళి అప్పటివాళ్ళని అడగమనండి, వచ్చుంటే ఎలా ఉంటుందో.

ఇదంతా నేను కాస్త గట్టిగా అన్నట్టున్నాను. పక్కన గాలిపటాలు అమ్మేవాడు మావైపు చూశాడు. మా ఆవిడ కూడా చూసింది. తమ్ముడిని ఏమన్నా అంటే ఇంటికెళ్ళాక వేరే యుద్ధం ఉంటుందన్న చూపు అది.

బావమరిది ఫోను జేబులో పెట్టుకున్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్లాడు తల పూర్తిగా వెనక్కి వాల్చి ప్రొపెల్లర్ రెక్కలు వేలితో లెక్కపెడుతున్నాడు. ఒక్కో దానికి నాలుగు, రెండింటికి ఎనిమిది, ఈవైపు రెండు ఇంజిన్లకి పదహారు, అవతలివైపు కూడా అంతే. ముప్పై రెండు దగ్గర ఆగి, "నాన్నా, ఇవన్నీ నిజంగా తిరిగేవా?" అన్నాడు.

"తిరిగేవిరా" అన్నాడు బావమరిది, ఆసక్తి లేకుండా.

కురుసుర వైపు రోడ్డు దాటుతుండగా అతని జేబులో ఫోను టింగుమంది. తీసి చూశాడు. ముఖం వెలిగింది. నా వైపు చూసి, కాస్త తటపటాయించి, ఆపుకోలేకపోయాడు.

"బావా, కోప్పడకు. ఇది వేరే. బి.ఎం.డబ్ల్యూ. 803 అంట. ఇరవై నాలుగు కాదు, ఇరవై ఎనిమిది సిలిండర్లు."

నేను బండివాడి దగ్గరికి వెళ్ళి ఇంకో ముంత మసాలా కట్టమన్నాను. ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమన్నాను. ఎలాగూ కళ్ళు మండుతున్నాయి.